నిరర్థకం అన్న మాట

మా తుగ్గలి ప్రాంతంలో తొలకరి పడితే పొలాల్లో రెండు రకాల మనుషులు కనిపిస్తారు. విత్తడానికి వచ్చినవాళ్ళు కొందరు, వెతకడానికి వచ్చినవాళ్ళు కొందరు. జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి, మద్దికెర చుట్టూ ఉన్న ఎర్రనేలల్లో వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి. వాటిల్లో వజ్రం ఉంటుందేమోనని ఎక్కడెక్కడి నుండో జనం చద్దిమూటలు కట్టుకొని వస్తారు. గుళ్ళల్లో, చెట్ల కింద పడుకొని, పొద్దున్నే నడుము వంచి నేలను చూసుకుంటూ నడుస్తారు. చిన్నప్పుడు నేనూ బడి ఎగ్గొట్టి పోయేదాన్ని. ఏనాడూ ఏమీ దొరకలేదు. మా అమ్మ మాత్రం జీవితంలో ఒక్కసారి కూడా వజ్రాలు వెతకలేదు. ఆ రోజుల్లో ఆమె విత్తనాలకని బుడ్డలు వొలుస్తూ ఉండేది. ఆమెకు తీరిక ఉండేది కాదు.

మన శరీర కణాల్లో పనికిరాని రాళ్ళలాగా చాలాకాలం పక్కన పడివున్న కొన్ని అణువుల చరిత్ర రాయాలని కూర్చున్నాను. వాటిని పొడవాటి నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయిన నేను ఆ కథను ప్రయోగశాల నుండి మొదలుపెట్టాలి. కానీ నాకు మాత్రం అది మా మండలంలోనే ఉన్న ఎర్రగుడి నుండి మొదలవుతుంది.

ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడే దాకా వాటి సంగతి చదువుకున్న ప్రపంచానికి తెలియదు. మా ఊళ్ళవాళ్ళకు ఆ గీతలు తెలుసు, అర్థమే తెలియదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా సోషల్ సారు మమ్మల్ని అక్కడికి నడిపించుకొని పోయినాడు. బ్రాహ్మీ అక్షరాలు, ప్రాకృత భాష. ఆయన వేలుపెట్టి చూపించిన ఒక వింత ఇప్పటికీ గుర్తుంది. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుండి కుడికి పోతాయి, కొన్ని కుడి నుండి ఎడమకు వెనక్కి వస్తాయి. చాలు చివర ఎద్దులు తిరిగి మళ్ళీ మడక పట్టినట్టు అన్నాడు ఆయన. ఒకే దిక్కుగా చదివేవాడికి సగం వరసలు అర్థంలేని గీతలుగా కనిపిస్తాయి.

అదే ఎర్రగుడిలో అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలు కూడా ఉన్నాయి. వాటిలో తొమ్మిదో దాని సారాంశం నేను చాలా ఏళ్ళ తర్వాత గాని చదవలేదు. జబ్బులప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు, బిడ్డలు పుట్టినప్పుడు, ప్రయాణాలప్పుడు మనుషులు రకరకాల మంగళకార్యాలు చేస్తారంటాడు రాజు. అందులోనూ ఆడవాళ్ళు చేసేవి చాలా రకాలనీ, అవి అల్పమనీ, నిరర్థకమనీ తేల్చేస్తాడు. వాటికంటే దాసులతో, సేవకులతో సరిగ్గా మెలగడం, పెద్దలను గౌరవించడం మేలైన మంగళమని చెప్తాడు. ఆ రెండో మాట మంచిదే, కాదనను. కానీ కాన్పు గదిలోకి ఎన్నడూ తొంగిచూడని ఒక మగవాడు, అక్కడ జరిగేది నిరర్థకమని 2,200 ఏళ్ళకు పైగా చెరగకుండా రాతిమీద చెక్కించగలిగాడు. లోపలున్న ఆడవాళ్ళు ఏమనుకున్నారో చెక్కిన బండ ఎక్కడా లేదు.

ఆ మాటకు మా ఇంట్లో ఒక ఆధునిక రూపం చూశాను. 1981 జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. మా నాయన అరుగు మీద కూర్చొని జవాబులు చెప్తున్నాడు. మీ ఇంటామె ఏం పని చేస్తుంది అంటే, ఏముంది, ఇంట్లోనే ఉంటుంది అన్నాడు. అప్పుడు అమ్మ నెత్తిన నీళ్ళ కడవతో, చంకలో ఇంకో బిందెతో వాకిట్లోకి వస్తోంది. తెల్లారకముందే పశువుల పేడ ఎత్తింది, రొట్టెలు కాల్చింది, జొన్న కోతకు పోయి వచ్చింది. ఆ మనిషి చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు అడిగి తాగి, ‘పని చేయనివారు’ అన్న గడిలో గుర్తుపెట్టుకొని పోయినాడు. 2001లోనూ, 2011లోనూ ఇంటిపని మాత్రమే చేసే స్త్రీలను జనగణన ఆ వర్గంలోనే లెక్కపెట్టింది. 2019లో ప్రభుత్వమే చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. లెక్క దొరికింది, గడి పేరు మారలేదు.

ఇక కణం లోపలికి పోదాం. డీఎన్‌ఏను తాతల నాటి దస్తావేజు అనుకోండి. కణానికి అందులో ఏ భాగం అవసరమైతే ఆ భాగానికి నకలు తీసుకుంటుంది. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. నకలు చూసి ప్రోటీన్ తయారవుతుంది, కండరం కదిలినా, అన్నం అరిగినా ఆ ప్రోటీన్ల వల్లనే. 1958లో ఫ్రాన్సిస్ క్రిక్ అచ్చువేసిన సిద్ధాంతం ఈ దారినే చూపించింది. తర్వాత రెండు తరాల జీవశాస్త్రం దానిచుట్టే తిరిగింది. క్రిక్ అంత బిగించి చెప్పలేదు గానీ, పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి ప్రోటీన్ ఇంటి యజమాని అయింది, ఆర్‌ఎన్‌ఏ కబురు మోసే మనిషి అయింది. ప్రోటీన్‌కు సంకేతం ఇచ్చే భాగాన్ని కోడింగ్ అన్నారు. ఇవ్వని భాగానికి దానికంటూ ఒక పేరు పెట్టలేదు, నాన్-కోడింగ్ అన్నారు. ఏం చేస్తుందో చూడకుండా ఏం చేయదో చూసి పెట్టిన పేరది. మా అమ్మ గడికి పెట్టిన పేరు లాంటిదే. 2001లో మానవ జీనోమ్ తొలి చిత్తుప్రతి వచ్చాక తెలిసింది, ప్రోటీన్ల కోసం ఉన్న భాగం మొత్తంలో నూటికి రెండు కూడా లేదని.

మిగిలినదాన్ని ఏమనాలి? 1972లో సుసుము ఓనో ‘జంక్’ అన్నాడు. చెత్త. ఆ మాటకు ముందూ వెనకా ఆయనకు బలమైన తర్కం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇక్కడ గమనించవలసింది ఇంకొకటి. ఈ ఓనోనే 1959లో తన సహచరులతో కలిసి ఆడ ఎలుక కణాల్లో ఒక నల్లటి చుక్కను పరిశీలించి, అది ముడుచుకుపోయిన ఒక ఎక్స్ క్రోమోజోమ్ అని కనిపెట్టాడు. ఆ చుక్కను మొదట 1949లో కెనడాలో మర్రే బార్, బెర్‌ట్రమ్‌లు పిల్లుల నరాల కణాల్లో చూశారు. ఆడపిల్లుల్లోనే కనబడింది, మగవాటిలో లేదు. బార్ బాడీ అని పేరొచ్చింది. చెత్త అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన మనిషి చేతిలోనే, ఆ చెత్తలో ఏముందో చెప్పగల చుక్క పదమూడేళ్ళ ముందు నుండీ ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఈ బార్ బాడీ ప్రాక్టికల్ చేయించేదాన్ని. పిల్లలు బుగ్గ లోపలి పొర గీకి, గాజుపలక మీద రుద్ది, రంగువేసి, సూక్ష్మదర్శిని కింద చూసేవాళ్ళు. కేంద్రకం అంచున నల్లగా చిన్న చుక్క. కనబడగానే ఒకళ్ళనొకళ్ళు పిలుచుకొని నవ్వుకునేవాళ్ళు. ఒక పిల్ల అడిగింది: “మేడం, ఆ చుక్క ఏం పని చేస్తుంది?” నేను పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. “ఏమీ చేయదు. అది పనిచేయని ఎక్స్.” ఆ పిల్ల తలూపి రికార్డులో రాసుకుంది. నేను సంతకం పెట్టాను. లెక్కల మనిషిని, రాజునీ అనేముందు ఈ సంతకం సంగతి చెప్పుకోవాలి.

ఆ చుక్క వెనక ఉన్న సూత్రం చెప్పింది మేరీ లయన్. ఆమె 1940లలో కేంబ్రిడ్జిలో చదువుకునేనాటికి అక్కడ ఆడవాళ్ళకు పూర్తి పట్టా ఇచ్చేవాళ్ళు కాదు, పేరుకు మాత్రం ఒక పట్టా ఇచ్చేవాళ్ళు. 1948 దాకా అంతే. 1961లో ఆమె నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాసింది. రెండు ఎక్స్‌లున్న ప్రతి కణంలోనూ పిండదశలోనే ఏదో ఒక ఎక్స్ ఆగిపోతుందనీ, ఏది ఆగాలన్నది కణానికి కణానికీ మారుతుందనీ ప్రతిపాదించింది. ఆమె ఆధారం ఆడ ఎలుకల ఒంటిమీది మచ్చలు. మన ఇళ్ళల్లో తిరిగే నలుపు, నారింజ మచ్చల పిల్లిని చూడండి. అది దాదాపు ఎప్పుడూ ఆడదే అయివుంటుంది. నారింజ రంగు జీన్ ఎక్స్ మీద ఉంటుంది. ఒక చోట తల్లి నుండి వచ్చిన ఎక్స్ పనిచేస్తే ఒక రంగు, పక్కనే తండ్రి నుండి వచ్చింది పనిచేస్తే ఇంకో రంగు. లయన్‌కు నోబెల్ రాలేదు. ఎక్స్ ఆగిపోవడాన్ని మాత్రం చాలాకాలం ఆమె పేరుతోనే పిలిచారు.

మరి ఆపేదెవరు? ఏదో ప్రోటీన్ అయివుంటుందనే అందరూ వెతికారు. 1991లో స్టాన్‌ఫర్డ్‌లో హంటింగ్టన్ విల్లర్డ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న కెరొలిన్ బ్రౌన్‌కు ఒక విచిత్రమైన జీన్ దొరికింది. ఆగిపోయిన ఎక్స్ మీద జీన్లన్నీ మూగబోయి ఉంటే, ఇదొక్కటే అక్కడ పలుకుతోంది. పనిచేసే ఎక్స్ మీద ఇది పలకదు. దానికి ఎగ్జిస్ట్ అని పేరు పెట్టారు. అది పొడుగాటి ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపమే గానీ, పలికితే ‘ఉన్నాను’ అన్నట్టు వినబడుతుంది. మరుసటి ఏడాది పూర్తి నకలు చదివితే 17 వేల అక్షరాల పొడవుంది. అందులో ప్రోటీన్‌కు సరిపడే వాక్యం ఒక్కటీ లేదు. అది కేంద్రకం దాటి బయటికి కూడా పోదు. ఎలుకల్లో ఇదే జీన్‌ను పట్టుకున్న బృందాల్లో సొహైలా రస్తాన్ బృందం ఒకటి. 1996లో వాళ్ళే ఎగ్జిస్ట్ లేని ఎక్స్‌ను ఆపడం కణానికి సాధ్యం కాదని నిరూపించారు.

ఆపబోయే ఎక్స్ మీదే ఎగ్జిస్ట్ నకళ్ళు తయారవుతాయి, పుట్టినచోటు వదిలిపోకుండా ఆ క్రోమోజోమ్ పొడుగునా పరుచుకుంటాయి. పోతూ పోతూ స్పెన్ వంటి ప్రోటీన్లను పిలుచుకొని వస్తాయి. 2015లో లెక్కపెడితే ఈ ఒక్క ఆర్‌ఎన్‌ఏను అంటిపెట్టుకునే ప్రోటీన్లు 81 తేలాయి. వాటివల్ల డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ల మీది గుర్తులు మారతాయి, జీన్లు ఒకటొకటే మూతపడతాయి, క్రోమోజోమ్ కుదించుకుపోయి కేంద్రకం అంచుకు చేరుతుంది. అయినా నూటికి 15 నుండి 25 దాకా జీన్లు ఈ ఏర్పాటుకు లొంగకుండా పలుకుతూనే ఉంటాయి. నా విద్యార్థిని అడిగిన చుక్కలో జరుగుతున్న పని ఇది. ఈ పని ఆగిపోతే ఎలుకల్లో ఆడపిండం బతకదు.

స్త్రీవాదులుగా మనకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఆడ శరీరంలో ఇంత ముఖ్యమైన అణువు చేసే పని మూయించడం! మౌనాన్ని పగలగొట్టడం గురించి ఇన్నేళ్ళు రాసినవాళ్ళం దీన్నేం చేసుకుంటాం? నాకైతే దీన్నుండి స్త్రీశక్తికి ఒక చిహ్నం తయారుచేయాలన్న ఆశ లేదు. చరిత్రకారిణి సారా రిచర్డ్‌సన్ 2012లో రాసిన వ్యాసంలో ఎక్స్ ‘ఆడ క్రోమోజోమ్’గా ఎలా మారిందో విడమరిచి చూపింది. మగవాళ్ళందరికీ ఒక ఎక్స్ ఉంటుంది కదా, అయినా ఆడవాళ్ళ చపలత్వానికీ జబ్బులకూ కారణం వాళ్ళ రెండు ఎక్స్‌లలోనే వెతకడం శాస్త్రానికి అలవాటయిందని ఆమె హెచ్చరిక. దీన్ని మనసులో పెట్టుకొనే ముందుకు పోవాలి. మళ్ళీ అవసరం పడుతుంది.

1999లో జీనీ లీ ఇంకో నకలు కనిపెట్టింది. డీఎన్‌ఏకు రెండు పేటలుంటాయి. ఎగ్జిస్ట్ ఒక పేట మీద ఒక దిక్కుగా చదివితే వచ్చే నకలు. అదే చోట ఎదుటి పేట మీద, ఎదురు దిక్కుగా ఇంకో పొడుగాటి ఆర్‌ఎన్‌ఏ తయారవుతోంది. ఎలుకల్లో అది పలికినంతసేపు ఎగ్జిస్ట్ పనికి అడ్డుపడుతుంది. అందుకే ఒక ఎక్స్ ఆగకుండా మిగులుతుంది. దానికి టిసిక్స్ అని పేరు పెట్టారు. ఎగ్జిస్ట్‌కు రాసే నాలుగు ఇంగ్లీషు అక్షరాలను వెనక నుండి రాస్తే వచ్చే పేరది. ఈ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు ఎర్రగుడి బండ కళ్ళముందుకొచ్చింది. మా సారు వేలు కుడి నుండి ఎడమకు కదలడం కనబడింది.

ఎగ్జిస్ట్ జీన్ ఎక్కడి నుండి వచ్చిందన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. 2006లో బయటపడింది. కోళ్ళలో ప్రోటీన్ తయారుచేసే ఒక జీన్, పాలిచ్చే జంతువుల్లో జరాయువు ఉన్నవాటి పూర్వీకుల్లో చెడిపోయింది. ఆ శిథిలంలోని ముక్కలతో, జీనోమ్‌లో చోటు మారుతూ తిరిగే అల్లరి ముక్కలు కలిసి ఎగ్జిస్ట్ ఏర్పడింది. ఆ తిరిగే ముక్కలను 1940లలో మొక్కజొన్నలో కనిపెట్టింది బార్బరా మెక్‌క్లింటాక్. ఆమెను చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, నోబెల్ వచ్చేసరికి 1983 అయింది, ఆమెకు ఎనభై దాటాయి. పాత ఇల్లు కూలితే ఆ రాళ్ళు మోసుకొచ్చి దొడ్డిగోడ కట్టుకోవడం మా ఊళ్ళల్లో ఎవరికీ వింత కాదు.

పొడవాటి ఆర్‌ఎన్‌ఏల్లో ఎగ్జిస్టే మొదటిది కాదు. 1990లోనే షర్లీ టిల్గ్‌మన్ బృందం ఎలుకల్లోని హెచ్19 అనే జీన్ ఆర్‌ఎన్‌ఏగానే పనిచేస్తుందేమో అని రాసింది. మన దేశంలో సుభాష్ లఖోటియా అంతకంటే చాలాముందే, 1970లో, పండ్ల ఈగ క్రోమోజోమ్ మీద బెంజమైడ్ అనే రసాయనానికి ఉబ్బే ఒక చోటును గుర్తించాడు. తర్వాత కాశీలో ఏళ్ళ తరబడి దాన్నే పట్టుకొని కూర్చున్నాడు. అక్కడ తయారయ్యేది ప్రోటీన్ ఇవ్వని ఆర్‌ఎన్‌ఏ. ఇక 200 అక్షరాలు దాటితే పొడవాటిది అన్న గీత ప్రకృతి గీసింది కాదు, ప్రయోగశాలలో చిన్నవాటిని వేరు చేయడానికి వీలుగా గీసుకున్నది. 2023లో కొందరు పెద్దలు దాన్ని 500కు జరపమన్నారు. చిన్నవాటి కథ వేరే. అందులో మొదటిదాని గురించి 1993లో అచ్చయిన వ్యాసానికి మొదటి రచయిత రోసలిండ్ లీ. 2024లో నోబెల్ ఆమె భర్త విక్టర్ ఆంబ్రోస్‌కు, గ్యారీ రవ్‌కున్‌కు వచ్చింది.

మన హైదరాబాదుకూ ఈ చరిత్రలో చోటుంది. సీసీఎంబీకి రాకముందు లాల్జీసింగ్ పాముల లింగ క్రోమోజోముల మీద పనిచేశాడు. పాముల్లో ఆడదానికే డబ్ల్యూ అనే క్రోమోజోమ్ ఉంటుంది. ఆడ బంగారు కట్లపాము డీఎన్‌ఏలో, పదేపదే అవే నాలుగు అక్షరాలు వచ్చే ఒక భాగం ఆయనకు దొరికింది. ప్రోటీన్‌తో దానికి సంబంధం లేదు. (ఆ పాముల జాతికి శాస్త్రీయ నామం బంగారస్. రెండు వందల ఏళ్ళ కింద పాట్రిక్ రస్సెల్ మన కోస్తాలో విని రాసుకున్న ‘బంగారు పాము’ అన్న తెలుగుమాట నుండే అది వచ్చింది. మన భాష ఎక్కడెక్కడ దూరిందో!) 1988లో సీసీఎంబీలో ఆ భాగంతోనే డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి తయారైంది. 1990ల మొదట్లో కేరళలో ఒక స్త్రీ, తన బిడ్డకు తండ్రి ఫలానా మనిషి అని కోర్టుకెక్కితే, ఈ పరీక్షే ఆమె మాటను నిలబెట్టింది. ఆమె ఎన్నిసార్లు చెప్పినా చాలని మాట, పాము చెత్త చెప్తే చెల్లింది. సంతోషించాలో ఏడవాలో తెలియదు. 2013లో అదే సంస్థలో రాకేశ్ మిశ్రా బృందం, ఆ నాలుగక్షరాల వరసలు ఒక జీన్ మీట పక్క జీన్ మీద పడకుండా గట్టులాగా అడ్డుకుంటాయని చూపింది. గట్టు మీద ఏమీ పండదు. గట్టు తెగితే ఏమవుతుందో రైతుకు తెలుసు.

సీసీఎంబీలోనే రేచల్ జేసుదాసన్ మగ క్రోమోజోమ్‌ను తీసుకుంది. మానవ వై క్రోమోజోమ్ పొడుగు చేయి చివర పెద్ద బీడు ఉంది, అక్కడ ఏమీ పలకదని నమ్మకం. 2007లో ఆమె, జీనత్ జెహాన్, మరికొందరు కలిసి ఆ బీడులో నుండి ఒక నాన్-కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ వస్తోందని రాశారు. అది ఒకటో క్రోమోజోమ్ నుండి వచ్చిన నకలుతో అతుక్కుంటుంది, అదీ వృషణాల్లో మాత్రమే. వేరువేరు క్రోమోజోముల నకళ్ళు అలా కలవడం అరుదు. మా ఊరి నుండి ఒక్క రాత్రి ప్రయాణంలో ఉన్న చోట ఇదంతా జరుగుతుంటే నేను ఇంకా పాత నోట్సే చెప్తూ ఉన్నాను.

అయితే ప్రతి రాయీ వజ్రం కాదు. 2012లో ఎన్‌కోడ్ అనే పెద్ద ప్రాజెక్టు, జీనోమ్‌లో నూటికి 80 వంతులు ఏదో ఒక జీవరసాయన పని చేస్తోందని ప్రకటించింది, పత్రికలు జంక్ చచ్చిపోయిందని రాశాయి. మరుసటి ఏడాదే డాన్ గ్రౌర్ వంటివాళ్ళు విరుచుకుపడ్డారు. నకలు తయారైనంత మాత్రాన దానికి ఉపయోగం ఉన్నట్టు కాదన్నారు. నిజమే. మాలట్1 అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ కణాల్లో విపరీతంగా ఉంటుంది. 2012లో దాన్ని తీసేసిన ఎలుకలు హాయిగా బతికాయి. కర్నూలు ఉల్లిగడ్డ తినేవాళ్ళకు ఇంకో ప్రశ్న ఉంది. ఉల్లిగడ్డ కణంలో డీఎన్‌ఏ మనకంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. అదంతా అవసరమే అయితే ఉల్లిగడ్డకు మనకంటే అంత ఎక్కువ ఎందుకు కావలసి వచ్చింది? ఈ పరీక్ష పెట్టింది ర్యాన్ గ్రెగరీ, 2007లో. ఓనో తర్కం కూడా ఇలాంటిదే. ఇంత డీఎన్‌ఏలో ప్రతి అక్షరమూ ముఖ్యమే అయితే, ప్రతి తరంలో వచ్చే తప్పులకు మనం ఎప్పుడో నశించేవాళ్ళం అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నిలబడే ఉంది. జాబితాల్లోకి ఎక్కిన పొడవాటి ఆర్‌ఎన్‌ఏలు పదుల వేలల్లో ఉంటే, చేసే పని గట్టిగా తెలిసినవి చాలా కొద్ది. కాబట్టి నా ఫిర్యాదు చెత్త ఉందన్నందుకు కాదు. చూడకముందే చెత్త అని రాసినందుకు.

మా అమ్మను చూడకముందే రాశారు. 1987లో ఆమెకు కీళ్ళనొప్పులు మొదలయ్యాయి. బుగ్గలు, ముక్కు ఎర్రగా కమిలేవి. పొలం పనికి పోయే మనిషి కాబట్టి ఎండకనుకున్నాం. జ్వరం వస్తూ పోతూ ఉండేది. పట్నంలో ఒక డాక్టరుకు చూపించాం. పేరు అనవసరం. ఆయన ఆమెను ముట్టుకోకుండానే, ఈ వయసులో ఆడవాళ్ళకు ఇవి మామూలే, మనసుకు పని లేకపోతే ఒళ్ళు నొప్పులు తెలుస్తాయి అన్నాడు. పని లేకపోతే అన్నాడు! బలానికి సూదులు రాశాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ఆమె నొప్పి నొప్పి కాలేదు. నాకు కూడా. సెలవుల్లో వచ్చినప్పుడు ఆమె మూలిగితే విసుక్కున్నాను. 1998లో వేరొక ఊళ్ళో ఒక డాక్టరమ్మ బుగ్గల మీది ఎరుపు చూసి, రక్తపరీక్ష చేయించి, లూపస్ అని చెప్పింది. శరీరం తన సొంత కణాల మీదే తిరగబడే జబ్బు. ఎండ తగిలితే ముదురుతుంది. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 2003లో అమ్మ పోయింది.

లూపస్ ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. ఎందుకన్నదానికి చాలాకాలం హార్మోన్లే జవాబు. కానీ రెండు ఎక్స్‌లూ ఒక వై ఉన్న మగవాళ్ళకు ఈ జబ్బు మామూలు మగవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుందని 2008లో తెలిసింది. 2024 ఫిబ్రవరిలో డయానా డౌ, హవర్డ్ చాంగ్ బృందం సెల్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. మగ ఎలుకల్లో, జీన్లను ఆపలేని మార్పుతో, ఎగ్జిస్ట్ తయారయ్యేటట్టు చేశారు. జబ్బుకు లోనయ్యే వంశంలోని ఆ మగ ఎలుకలకు జబ్బు రేపే రసాయనం ఇస్తే, అవి ఆడ ఎలుకలంత తీవ్రంగా లూపస్ లాంటి లక్షణాలు చూపాయి. ఎగ్జిస్ట్ పిలుచుకొచ్చే ఆ 81 ప్రోటీన్లు గుర్తున్నాయి కదా. కణం చచ్చి పగిలినప్పుడు ఆ ముద్ద ముద్దంతా బయటపడి, రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువనుకుంటుందన్నది వాళ్ళ ఆలోచన. రోగుల రక్తంలో ఆ ప్రోటీన్లలో చాలావాటికి వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు దొరికాయి. రిచర్డ్‌సన్ హెచ్చరిక ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇదొక్కటే కారణమని ఎవరూ అనలేదు. వంశం సరిపోవాలి, రసాయనం తగలాలి, మూతపడకుండా తప్పించుకునే జీన్ల పాత్రా ఉంది, హార్మోన్లూ ఉన్నాయి. పొద్దంతా ఎండలో వంగి చేసిన పని కూడా ఉందని నేను కలుపుకుంటాను.

ఆ వ్యాసం రెండుసార్లు చదివి, తుగ్గలిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను. అమ్మకు వచ్చిన జబ్బే ఆమెకూ ఉంది. 2011 నుండి మాత్రలు మింగుతోంది. తొందరగా గుర్తుపట్టారు కాబట్టి బాగానే ఉంది. ఎగ్జిస్ట్ అనీ, ప్రోటీన్లనీ నాకు చేతనైనట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“అట్లయితే అమ్మవి ఉత్త నొప్పులు కావంటావా అక్కా?”

“కాదు.”

“అది మాకు అప్పుడే తెలుసులే. నువ్వే ఇంట్ల లేవు.” మళ్ళీ తానే అడిగింది. “మాత్రలేమన్నా మారుస్తారా దీంతోని?”

ఇప్పటికిప్పుడు మారవన్నాను. పరీక్షలు చేయడానికి దారి దొరికింది, మందు ఇంకా దూరమన్నాను.

“సరేలే. కూలోళ్ళు వచ్చినారు, బుడ్డలు వొల్చాల. ఫోను పెడ్తాండా.”